ఊదమన్నాను

మే నెల రెండో మంగళవారం,
పిల్లల్ని దించేసి, ఖాళీ బస్సు షెడ్డులో పెట్టి,
తాళంచెవి కొక్కేనికి తగిలిస్తూ అంది వెర్లీన్:
"హాగెన్ వాళ్ళ చేను పక్క కాలవలో
ఎలుగుబంటి నిలబడి ఉంది."

అయోవాలో ఎలుగుబంటి!
మా తాతల తాతలెవరో ఆఖరిదాన్ని కాల్చి
దాని తోలు మీద కూర్చుని ఫొటో దిగారట.
ఆ తర్వాత ఈ నేలంతా గీసిన గీతలే.
సోయా ఒక గీత, మొక్కజొన్న ఒక గీత,
మేలో ఆ మొక్కలు చీలమండ దాకా కూడా రావు.
కుందేలు దాక్కోడానికే దిక్కులేదు.

దూడ అయ్యుంటుందన్నాను.
హాగెన్ వాళ్ళ నల్లకుక్క అన్నాను.
"దూడ రెండు కాళ్ళ మీద లేచి
నన్ను వాసన చూస్తుందా?" అంది.

అప్పుడు నేనూ వాసన చూశాను.

పదకొండేళ్ళుగా చుక్క ముట్టలేదామె.
ఆ లెక్క ఊరందరికీ నోటికొచ్చు,
ఎవరి బాకీ ఎంతో నోటికొచ్చినట్టు.
సొరుగులోంచి గొట్టం తీశాను.
రూలు, వెర్లీన్. నా చేతుల్లో ఏముంది. ఊదు.
నా కళ్ళలోకి చూస్తూనే ఊదింది.
సున్నా.
మిషన్ పాతది కదా అని
ఇంకోసారి ఊదమన్నాను.

కబురు నాకంటే ముందే ఊళ్ళోకి నడిచింది.
ధాన్యం గోదాము దగ్గర కాఫీ తాగే మగాళ్ళు
ఆమె కనిపిస్తే చేతులెత్తి గుర్రుమనేవాళ్ళు.
ఒకరోజు పొద్దున్నే ఎవడో పిల్లాడు
బొమ్మ ఎలుగుని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.
ఆమె దాన్ని తీసి ముందు సీట్లో పెట్టి, బెల్టు బిగించి,
నలభై మూడు మైళ్ళూ
దానితో పాటే తిరిగొచ్చింది.
పిల్లలు ఆ రోజు అరవలేదట.

జూన్ పదిహేడు.
చర్చి వెనక తేనెపెట్టెలు బోర్లా పడ్డాయి.
కాన్రాడ్ బ్రాకెన్ వాకిట్లో పక్షులకు గింజలు పెట్టే ఇనప స్తంభం
గడ్డిపరకలా వంగింది.
గోదాము కెమెరాలో, రాత్రి మూడూ పన్నెండుకి,
చీకటికంటే నల్లగా ఒక నడక.

అడవిశాఖ నుంచి ఒక కుర్రపిల్ల వచ్చింది, పేరు మారిట్.
రెండేళ్ళ మగపిల్ల అంది. తల్లి తరిమేసి ఉంటుంది.
మిసిసిపీ ఈదుకుంటూ వచ్చి ఉంటుంది,
తనదనిపించే చోటు కోసం.
ఇక్కడ తోడు దొరకదు, దానంతట అదే పోతుంది,
గింజలు లోపల పెట్టుకోండి, అంతే, అంది.

ఆ రోజు నుంచి చూడనివాడు పాపాత్ముడు.
మడతకుర్చీలు, దుర్భిణీలు, భుజాలమీద పసివాళ్ళు,
కౌంటీ రోడ్డు పొడుగునా తిరనాళ్ళే.
మంగలి డెల్మర్ చూశాడు, పాస్టర్ చూశాడు,
పదేళ్ళుగా గడప దాటని డెల్మర్ తల్లి కూడా చూసింది.
"నేను మేలోనే చూశాను,
చెబితే నవ్వుతారని ఊరుకున్నా"నన్నవాళ్ళు
నేను లెక్కబెట్టినంతవరకు తొమ్మిదిమంది.
వెర్లీన్‌ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను.
వాకిట్లో గింజల స్తంభం లేదు,
అది ఉన్నచోట అప్పటికే గడ్డి మొలిచి ఉంది.
మేలోనే పీకేసిందట, ఆ మంగళవారం సాయంత్రమే.
తన కళ్ళను తను నమ్మిన మనిషి.

దారంతా కూడబలుక్కున్న మాట ఒకటుంది.
మెట్టు మీద నిలబడితే నోట్లోంచి వచ్చింది మాత్రం
ఏడో నంబరు బస్సు బ్రేకులు ఎలా ఉన్నాయి అని.
బాగానే ఉన్నాయంది.
కాఫీ పోసింది. చక్కెర వేసిందో లేదో గుర్తులేదు.
కంచె అవతల కార్లు నెమ్మదిగా పోతున్నాయి,
అద్దాలు దించుకుని, చెట్ల మొదళ్ళు వెతుక్కుంటూ.

చాలాసేపటికి తనే అంది,
నాతో కాదు, కప్పుతో అన్నట్టు:
"అది కూడా నన్ను వాసన చూసింది, రోల్ఫ్.

ఒక్కసారే."